లక్ష హిట్లంటే లక్ష మంది కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీల్లో, తిరుపతిలోని ఒక సంస్థ కొత్తగా తెరిచిన వెబ్‌సైటు గురించి వార్త వేశారు. నెల తిరక్కముందే ఆ సైటుకు లక్ష హిట్లు వచ్చాయని వార్త మొదటి వాక్యంలో ఉంది. నాలుగో వాక్యానికి వచ్చేసరికి అవి లక్ష సందర్శనలయ్యాయి. శీర్షికలో "లక్ష మంది చూశారు" అని పెద్దక్షరాల్లో పడింది. అంటే ఒకే సంఖ్య ఒకే వార్తలో మూడు వేర్వేరు వస్తువులకు కొలతగా నిలబడింది. రాసిన విలేకరిని తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ సంస్థవారు ఇచ్చిన ప్రకటనలోనే ఈ మూడూ కలగలిసిపోయి ఉండవచ్చు. కానీ ముప్పయ్యేళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, పైగా శ్రీకాళహస్తి కలంకారీ చీరలు అమ్మే మా కోడలి చిన్న వెబ్‌సైటుకు అయిదేళ్లుగా లెక్కలు చూస్తున్నవాణ్ణి కాబట్టి, ఆ శీర్షిక చదివి ఊరుకోలేకపోయాను.

హిట్టుకూ మనిషికీ ఉన్న తేడా మన ఊరివాళ్లకు అర్థం కావడానికి కంప్యూటరు అవసరం లేదు. తిరుమలలో ముందురోజు శ్రీవారిని దర్శించుకున్న భక్తులు ఎందరో, తలనీలాలు సమర్పించినవారు ఎందరో, హుండీ కానుకలు ఎంతో దేవస్థానంవారు రోజూ ప్రకటిస్తారు, మీరూ రోజూ వేస్తారు. ఇవి మూడు లెక్కలని తెలియని పాఠకుడు ఉండడు. తలనీలాల సంఖ్యను దర్శనాల సంఖ్యతో కూడి, వచ్చిన మొత్తాన్ని భక్తుల సంఖ్య అని ఎవరూ రాయరు. చిత్తూరు నుంచి వచ్చిన ఒక భక్తుణ్ణి అనుకుందాం. అతడు అలిపిరి దగ్గర తనిఖీ దాటాడు, గది కోసం సీఆర్వో ఆఫీసు ముందు వరుసలో నిలబడ్డాడు, కల్యాణకట్టలో గుండు చేయించుకున్నాడు, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్నాడు, దర్శనమయ్యాక లడ్డూ కౌంటరుకు వెళ్లాడు, వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోంచేశాడు. ప్రతిచోటా ఒక గుమస్తా కూర్చుని, ఎదుట కనబడినవాడికల్లా ఒక గీత గీసుకుంటూ పోయాడనుకుంటే సాయంత్రానికి ఈ ఒక్కడి పేర ఆరు గీతలు తేలుతాయి. ఆరుగురు భక్తులు వచ్చారని చెప్పగలమా? వెబ్‌సైటు విషయంలో హిట్ అంటే ఆ గీత, అంతకంటే ఏమీ కాదు.

మా సైటు ఉన్న అద్దె సర్వరులో, అంటే సైటు ఫైళ్లను ఉంచుకుని అడిగినవారికి పంపే కంప్యూటరులో, తనను అడిగిన ప్రతిదానికీ ఒక వరుస చొప్పున రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. దాన్ని లాగ్ ఫైల్ అంటారు. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ ఆ చిట్టా తెరిచి చూశాను. ఒక్కో వరుసలో అడిగినవారి ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో వారి కనెక్షనుకు ఉండే సంఖ్య), తేదీ, సెకన్లతో సహా వేళ, అడిగిన ఫైలు పేరు, సర్వరు ఇచ్చిన జవాబును సూచించే మూడంకెల సంఖ్య, పంపిన బైట్లు, చివర అడిగిన బ్రౌజరు (క్రోమ్‌లాంటి, సైట్లు తెరిచే ప్రోగ్రాము) తన పేరని చెప్పుకున్నది ఉంటాయి. 6 గంటల 12 నిమిషాలకు ఎవరో మా మొదటి పేజీ తెరిచారు. తెరిచినది ఒక్కసారే. చిట్టాలో పడిన వరుసలు మాత్రం 32: పేజీ ఒకటి, దాని రంగులూ అమరికా చెప్పే ఫైళ్లు రెండు, స్క్రిప్టులు, అంటే బ్రౌజరులో నడిచే చిన్న ప్రోగ్రాములు, నాలుగు, చీరల బొమ్మలు 24, ట్యాబు మీద కనిపించే చిన్న గుర్తు ఒకటి. అన్నీ రెండు మూడు సెకన్ల తేడాలో, ఒకే చిరునామా నుంచి. ఆ వచ్చిన మనిషి చీరల బొమ్మలన్నీ చూసిందో లేదో, పైన రెండు చూసి మూసేసిందో ఆ 32 వరుసలు చెప్పలేవు.

ఇప్పుడు లక్షను విప్పి చూద్దాం. లక్ష హిట్లను పేజీకి 32 చొప్పున భాగిస్తే 3,125 పేజీలు వస్తాయి. వచ్చిన ప్రతిసారీ సగటున రెండున్నర పేజీలు చూశారనుకుంటే 1,250 రాకలు. ఒక్కొక్కరు నెలలో రెండుసార్లు వచ్చారనుకుంటే 625 మంది. ఇందులో 32 అనేది మా పేజీ లెక్క, మిగిలిన రెండూ నా ఊహలు; ఆ సంస్థ సైటుకు ఇవి వేరుగా ఉంటాయి. పైగా ఒకసారి దిగిన బొమ్మను బ్రౌజరు తన దగ్గర దాచుకుని రెండో పేజీకి మళ్లీ అడగదు కాబట్టి భాజకం 32 కంటే తగ్గి, మనుషుల సంఖ్య నేను వేసినదానికంటే పెరగనూ వచ్చు. అందుచేత 625 మందే వచ్చారని నేను అనడం లేదు. హిట్ల సంఖ్య నుంచి మనుషుల సంఖ్యకు పోవాలంటే మధ్యలో ఎన్ని ఊహలు చేయవలసి వస్తుందో చూపడమే నా ఉద్దేశం. ఇంకొక్క మాట: మా కోడలు మొదటి పేజీలో మరో 24 చీరల బొమ్మలు పెడితే, కొత్తగా ఒక్క మనిషీ రాకుండానే ఆ పేజీ హిట్లు 32 నుంచి 56 అవుతాయి, అంటే ముప్పాతిక వంతు పెరుగుతాయి. బొమ్మలు అతికిస్తే పెరిగే కొలతను ఆదరణకు కొలతగా వాడటం ఎందుకో నాకు బోధపడదు.

ఆ మూడంకెల సంఖ్యల సంగతి కూడా చెప్పాలి. 200 అంటే అడిగినది ఇచ్చానని, 304 అంటే నీ దగ్గర ఉన్న ప్రతి పాతబడలేదు, దానితోనే సరిపెట్టుకోమని, 404 అంటే అలాంటి ఫైలు ఇక్కడ లేదని అర్థం. లేని పేజీ అడిగి లేదనిపించుకుని పోయినవాడి పేరా ఒక వరుస పడుతుంది. మా చిట్టాలో రాత్రి రెండు గంటల వేళ ఇలాంటి 404 వరుసలు కుప్పలుగా ఉంటాయి. మా సైటు వర్డ్‌ప్రెస్‌ అనే, సైట్లు కట్టే సాఫ్ట్‌వేరుతో కట్టినది కాదు. అయినా వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం ఎవడో పదే పదే అడుగుతూనే ఉంటాడు. ఎవడో అన్నానుగానీ మనిషి కాదు, ప్రపంచంలోని సైట్లన్నిటి వెనకతలుపులూ తోసి చూసుకుంటూ పోయే ప్రోగ్రాము; ఇలా తనంతట తాను తిరిగే ప్రోగ్రామును బాట్ అంటారు. ఇవి కాక పెద్దమనిషి తరహా ప్రోగ్రాములు ఉన్నాయి: గూగుల్‌బాట్, బింగ్‌బాట్ వంటివి, 2023 నుంచి ఓపెన్ఏఐవారి జీపీటీబాట్ వంటివి, తమ పేరు తాము చెప్పుకుని పేజీలు చదువుకుని పోతాయి. మా కోడలు కొత్త చీర లింకును వాట్సాప్ గ్రూపులో పెట్టబోతే, ఆ లింకు కింద చిన్న బొమ్మా పేరూ చూపడానికి వాట్సాప్ అప్పుడే సర్వరును అడుగుతుంది. గ్రూపులో ఇంకా ఒక్కరూ లింకు నొక్కలేదు, చిట్టాలో వరుస మాత్రం పడిపోయింది. ఈ వరుసలన్నీ ఆ లక్షలో ఉన్నాయో తీసేశారో వార్తలో లేదు.

ఇంటర్నెట్ మన దేశంలో సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. ఆ తరువాతి సంవత్సరాల్లో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రతి సైటు అడుగునా స్కూటరు మీటరులాంటి అంకెల పట్టీ ఒకటి ఉండేది. పేజీ తెరిచిన ప్రతిసారీ ఒకటి పెరిగేది. మళ్లీ మళ్లీ రిఫ్రెష్ నొక్కితే మళ్లీ మళ్లీ పెరిగేది. సైటు యజమాని తలుచుకుంటే సున్నా నుంచి కాకుండా పది వేల నుంచి లెక్క మొదలుపెట్టుకోనూ వచ్చు. హిట్ అనే మాట ఆ కాలపు వాసన ఇంకా వదలలేదని నా అనుమానం.

సర్వరు చిట్టాకు ఇంకో లోపం ఉంది. బ్రౌజరు దాచుకున్న ప్రతినే మళ్లీ చూపితే సర్వరుకు కబురే అందదు. చదివినది నిజం, చిట్టాలో ఆనవాలు లేదు. అందువల్ల లెక్కపెట్టే పనిని సర్వరు దగ్గర కాకుండా చూసేవారి బ్రౌజరులోనే పెట్టే పద్ధతి వచ్చింది. పేజీలో ఒక చిన్న స్క్రిప్టు ఉంచుతారు, పేజీ తెరుచుకోగానే అది నడిచి, లెక్కలు చూసే మరో సర్వరుకు "ఫలానా పేజీ తెరిచారు" అని చెబుతుంది. 2005లో గూగుల్ సంస్థ అర్చిన్ అనే కంపెనీని కొని, అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌ను ఉచితంగా ఇవ్వడంతో ఈ పద్ధతి చిన్న చిన్న సైట్ల దాకా పాకింది. స్క్రిప్టును నడపని మామూలు బాట్లు ఈ లెక్కలోకి రావు, తెలిసిన బాట్లను గూగుల్ తనంతట తానే తీసేస్తుంది. అలాగని ఇది తప్పులేని త్రాసూ కాదు. ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకరు పెట్టుకున్నవారి బ్రౌజరు చాలాసార్లు ఈ స్క్రిప్టును కూడా అడ్డుకుంటుంది. ఆ మనిషి వచ్చి, చూసి, చీర కొనుక్కుని పోయినా లెక్కలో లేనట్టే. మా సైటులో ఒకేరోజుకు సర్వరు చిట్టా ఒక లెక్క చెబుతుంది, గూగుల్ అనలిటిక్స్ మరో లెక్క చెబుతుంది. రెండూ సరిపోలిన రోజే నాకు అనుమానం వస్తుంది.

ఇక సందర్శన అనే మాటకు వద్దాం. వాడుకలో దాన్ని విజిట్ అనీ, ఈ లెక్కల్లో సెషన్ అనీ అంటారు. ఒక మనిషి సైటులోకి వచ్చి వెళ్లేదాకా ఒక సందర్శన అని వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ వచ్చినట్టు తెలుస్తుందిగానీ, వెళ్లినట్టు ఎలా తెలుస్తుంది? కొట్టు గుమ్మం దాటి మెట్లు దిగితే కళ్లకు కనబడుతుంది, వెబ్‌సైటుకు గుమ్మం లేదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. 30 నిమిషాలు ఏ కదలికా లేకపోతే ఆ సందర్శన ముగిసినట్టు, ఆ తరువాత మళ్లీ కదిలితే కొత్త సందర్శన మొదలైనట్టు. ఆ 30 ప్రకృతి ఇచ్చిన సంఖ్య కాదు, మనుషులు పెట్టుకున్న గడువు. కావాలంటే మార్చుకోవచ్చు కూడా. ఒక మధ్యాహ్నం ఒకామె మా సైటులో ఒక చీర తెరిచి, భోజనానికి లేచి, నలభై నిమిషాల తరువాత వచ్చి అదే చీరను కొనుక్కున్నారు. ఆ సంగతి తరువాత ఫోనులో ఆమే మా కోడలితో చెప్పారు. మా లెక్కలో మాత్రం సందర్శనలు రెండు: ఏమీ కొనకుండా పోయినది ఒకటి, వస్తూనే కొన్నది ఒకటి. రెండోదాన్ని మాత్రమే చూసినవాడు, ఈ చీరకు ఆలోచన అక్కర్లేని ఆకర్షణ ఏదో ఉందనుకుంటాడు.

ఆ ఏర్పాటు కూడా మధ్యలో మారింది. గూగుల్ అనలిటిక్స్ పాత పద్ధతిలో అర్ధరాత్రి దాటితే, మనిషి కదులుతూనే ఉన్నా, పాత సందర్శన తెగి కొత్తది మొదలయ్యేది. 2020లో వచ్చిన కొత్త పద్ధతి, అంటే జీఏ4, అర్ధరాత్రి దగ్గర తెంచదు. పాత పద్ధతిలోని మామూలు ఖాతాలు 2023 జులై 1తో లెక్కపెట్టడం మానేశాయి. కాబట్టి 2022 లెక్కను 2024 లెక్కతో పోల్చి మా సైటు సందర్శనలు తగ్గాయనో పెరిగాయనో ఎవరైనా చెబితే, ముందు అడగవలసింది ఏ పాత్రతో కొలిచారని. ఒక ఏడు సోలతో కొలిచి, మరుసటి ఏడు తవ్వతో కొలిచి, ధాన్యం సగానికి పడిపోయిందని దిగులుపడే రైతు మన జిల్లాలో ఎక్కడా ఉండడు.

అన్నిటికంటే చిక్కు "మంది" అన్న మాట దగ్గరే. మనుషులను వెబ్‌సైటు ఎన్నడూ చూడదు. అది చూసేది బ్రౌజర్లను. ఇంతకుముందు వచ్చిన బ్రౌజరే మళ్లీ వచ్చిందని గుర్తుపట్టడానికి కుకీ అనే చిన్న చీటీని ఆ బ్రౌజరులో దాచి ఉంచుతారు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ ఈ ఉపాయం కనిపెట్టాడు. గూగుల్ అనలిటిక్స్ చీటీలో ఒక గుర్తింపు సంఖ్య తప్ప ఊరూ పేరూ ఉండవు. చీటీ ఉంటే పాత యూజరు, లేకపోతే కొత్త యూజరు. పాఠాలు చెప్పిన అలవాటు పోక ఒక ఆదివారం ఇంట్లో చిన్న పరీక్ష చేశాను. మా సైటును నా ఫోనులోని క్రోమ్‌లో తెరిచాను. అదే ఫోనులో ఇన్‌స్టాగ్రామ్‌లో మా కోడలు పెట్టిన లింకు నొక్కితే ఆ యాప్‌లోనే ఉండే బ్రౌజరులో తెరుచుకుంది. తరువాత ఇంట్లోని కంప్యూటరులో తెరిచాను. చివరగా అదే కంప్యూటరులో, పాత చీటీలను వాడని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచాను. లెక్కలో నలుగురు యూజర్లు పెరిగారు. నలుగురూ నేనే. పక్కన నిలబడి చూస్తున్న మా కోడలు, "మామయ్యా, మీరొక్కరే చాలు, మన సైటు పాపులరైపోతుంది" అని నవ్వింది. ఐఫోన్లలో ఉండే సఫారీ బ్రౌజరయితే, పేజీలోని స్క్రిప్టు పెట్టిన చీటీని ఏడు రోజులకు మించి ఉంచదు. అంటే పది రోజులకొకసారి వచ్చే నమ్మకమైన ఖాతాదారు వచ్చిన ప్రతిసారీ కొత్త మనిషే.

దీనికి తలకిందులు కూడా జరుగుతుంది. అత్తా కోడళ్లూ ఆడపడుచూ ముగ్గురూ ఒకే ఫోను ముందు కూర్చుని చీరలు ఎంచుకుంటే లెక్కకు ఒక్కరే. చీటీ గొడవ వద్దు, ఐపీ చిరునామా ప్రకారం లెక్కపెడదామంటే అక్కడా కుదరదు. మొబైల్ కంపెనీలు ఎందరో చందాదారులను ఒకే చిరునామా వెనక నిలబెడతాయి. మన ఊళ్లో ఏ కాలేజీ హాస్టల్ వైఫై తీసుకున్నా అంతే, వంద ఫోన్లున్నా బయటికి కనిపించే చిరునామా సాధారణంగా ఒకటే ఉంటుంది. ఒక వైపు ఒక్కడు నలుగురవుతాడు, ఇంకో వైపు నూరుగురు ఒక్కరవుతారు. ఈ రెండు తప్పులూ ఒకదానినొకటి కొట్టేసుకుంటాయని నమ్మడానికి ఆధారమేదీ లేదు.

రోజువారీ యూజర్లను కూడి నెల యూజర్లని చెప్పడం ఇంకో పొరపాటు, ఇది చదువుకున్నవాళ్లే చేస్తారు. శ్రీవారి మెట్టు దారిలో ప్రతి శనివారం కొండెక్కే మా వీధి మిత్రుడొకరు నాలుగు శనివారాలూ దర్శనం చేసుకుంటే, నాలుగు రోజుల లెక్కల్లోనూ ఉంటారు. ఆ నెల రోజువారీ సంఖ్యలన్నీ కూడితే వచ్చేది దర్శనాల సంఖ్య, అది నికార్సైన సంఖ్యే. భక్తుల సంఖ్య కాదు. నెలకు వేర్వేరు యూజర్లు ఎందరో తెలియాలంటే కూడిక పనికిరాదు, చీటీలన్నీ పక్కపక్కన పెట్టి, ఒకటే చీటీ రెండోసారి వస్తే తీసేస్తూ లెక్కపెట్టాలి. చీటీలు కోట్లలో ఉంటే అదీ మోయలేని పని. ఫిలిప్ ఫ్లాజొలే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2007లో హైపర్‌లాగ్‌లాగ్ అనే అంచనా పద్ధతి ప్రతిపాదించారు. వంద కోట్లకు మించిన వేర్వేరు వస్తువులను కేవలం ఒకటిన్నర కిలోబైట్ల చోటులో, సుమారు 2 శాతం తేడాతో అంచనా కట్టవచ్చునని చూపారు. ఆ చోటులో ఈ పేరా కూడా పట్టదు. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇలాంటి ఉపాయం క్లాసులో చెప్పే అవకాశం రాకుండా రిటైరయ్యానే అనిపించింది. జీఏ4 చూపే యూజర్ల సంఖ్య ఈ కుటుంబానికి చెందిన పద్ధతితో కట్టిన అంచనాయే. కాబట్టి "48,317 మంది" అని చివరి అంకె దాకా ఎవరైనా ప్రకటిస్తే, ఆ 17 మీద ప్రమాణం చేయడానికి దాన్ని లెక్కకట్టిన యంత్రమే సిద్ధంగా ఉండదు.

ఎంతసేపు ఉన్నారన్న లెక్క మరీ వింత. పాత పద్ధతిలో, మొదటి కదలికకూ చివరి కదలికకూ మధ్య ఉన్న తేడానే ఉన్న సమయంగా తీసుకునేవారు. ఒక్క పేజీ తెరిచి ఇరవై నిమిషాలు శ్రద్ధగా చదివి మూసేసినవారికి రెండో కదలిక లేదు కాబట్టి వారు గడిపినది సున్నా సెకన్లు. పైగా వారు బౌన్స్ అయ్యారని, అంటే గుమ్మంలోంచే తిరిగిపోయారని ముద్ర. కరక్కాయ నీళ్లూ పాలూ కలిపి బట్టను ఎలా తడిపి ఆరబెడతారో వివరిస్తూ మా కోడలు రాసిన పేజీని చాలామంది పూర్తిగా చదివేవారని వారి ఫోన్లూ ఉత్తరాలూ చెబుతుండేవి. లెక్క మాత్రం ఆ పేజీ పనికిమాలినదని చెప్పేది. దాన్ని తీసేద్దామని ఆమె ఒక దశలో అనుకుంది కూడా. కొత్త పద్ధతిలో, పేజీ తెర మీద కళ్లెదుట ఉన్న సేపే లెక్కపెడతారు. 10 సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, సైటువారు ముఖ్యమని గుర్తుపెట్టుకున్న పని ఒకటి చేసినా ఆ సందర్శనను మనసుపెట్టి చూసినదిగా భావిస్తారు. ఇది నయం. పది సెకన్లే ఎందుకంటే మళ్లీ అది పెట్టుకున్న గడువే.

మా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. శుక్రవారం పొద్దున పూజ ముగించుకుని చీరలు చూసేవారు మాకు ఎక్కువ. అయినా మా నివేదికల్లో గురువారమే వెలిగిపోతుండేది. ఏడాది పైగా దానికి రకరకాల కారణాలు ఊహించుకున్నాం. తీరా చూస్తే ఖాతా తెరిచినవారు కాలమానం దగ్గర భారతదేశాన్ని ఎంచుకోకుండా అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌ను అలాగే వదిలేశారు. అక్కడి అర్ధరాత్రి అంటే మనకు మధ్యాహ్నం పన్నెండున్నర, వాళ్లు చలికాలానికి గడియారం గంట వెనక్కి తిప్పుకున్నాక ఒకటిన్నర. మన శుక్రవారం పొద్దుటి గిరాకీ అంతా వాళ్ల గురువారం ఖాతాలో పడుతోంది. స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి, రోజు ఎక్కడ మొదలవుతుందో అడగకుండా రోజువారీ సగటులు కట్టాను.

ఇంకో అనుభవం డబ్బుతో ముడిపడింది. రెండేళ్ల కిందట ఒక ప్రచార సంస్థ, నెలలో అయిదు వేల విజిట్లు గ్యారంటీ అని చెప్పి మా కోడలి దగ్గర సొమ్ము తీసుకుంది. మాట తప్పలేదు, అయిదు వేలకు పైగానే వచ్చాయి. ఒక్క చీర అమ్ముడుపోలేదు, ఒక్క ఫోను రాలేదు. నివేదిక లోపలికి వెళ్లి చూస్తే, వచ్చినవారెవరూ పేజీ అడుగు దాకా దిగలేదు, రెండో పేజీ తెరవలేదు, దాదాపు అందరూ సెకనులోపే వెళ్లిపోయారు. సర్వరు చిట్టాలో వారి ఐపీ చిరునామాలు చూస్తే ఇళ్లవీ మొబైళ్లవీ కావు, కంప్యూటర్లను వరుసగా పేర్చి అద్దెకిచ్చే డేటా సెంటర్లవి. మేం కొన్నది సంఖ్యను, సంఖ్యే వచ్చింది. ఒప్పందంలో విజిట్ అంటే ఏమిటో రాసుకోకపోవడం మా అమాయకత్వం. ఇప్పుడు మన జిల్లాలో లాడ్జీలవారూ, ట్రావెల్సువారూ, మామిడి గుజ్జు అమ్మేవారూ అందరూ వెబ్‌సైట్లు పెట్టుకుని ఇలాంటి ప్రకటనలకు డబ్బు కడుతున్నారు. మీ పత్రికలో "లక్ష మంది" అన్న శీర్షిక చదివిన చిన్న వ్యాపారి, ఆ లక్ష కోసమే బేరం ఆడతాడు. నా ఆందోళన అక్కడ.

వాట్సాప్ ద్వారా వచ్చినవారి విషయం క్లుప్తంగా చెబుతాను. అక్కడ లింకు నొక్కి వచ్చినవారు ఎక్కడినుంచి వచ్చారో సాధారణంగా సైటుకు తెలియదు. వారిని, చిరునామా తామే కొట్టి నేరుగా వచ్చినవారి గంపలో వేస్తారు. లింకు చివర యూటీఎం అనే గుర్తులు తగిలిస్తే తెలుస్తుంది. ఆ మూడక్షరాల్లో మొదటిది ఇందాక చెప్పిన అర్చిన్ కంపెనీ పేరులోని అక్షరమే. మా కోడలు ఒక్కో గ్రూపుకు ఒక్కో గుర్తు పెట్టడం మొదలుపెట్టాక, "నేరుగా వచ్చినవారు" ఒక్కసారిగా పలచబడ్డారు.

ఈ తేడాలు పత్రికలవారికి తెలియనివని నేను అనుకోను. 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ మన దేశంలో పత్రికల ప్రతుల లెక్కను తనిఖీ చేసి ఆరు నెలలకోసారి ధ్రువీకరిస్తుంది. ఎన్ని ప్రతులు అచ్చయ్యాయన్నది ఒక సంఖ్య, ఎన్ని అమ్ముడయ్యాయన్నది మరో సంఖ్య, ఎందరు చదివారన్నది ఇంకో సంఖ్య. మూడోదానికి ఇంటింటికీ వెళ్లి అడిగే పాఠకుల సర్వే వేరుగా చేయవలసి ఉంటుంది. గాంధీ రోడ్డులో టీ కొట్టు బల్ల మీద పడి ఉన్న మీ పత్రిక ప్రతి ఒకటే, పొద్దున నుంచి దాన్ని చదివి మడిచి పెట్టినవారు ఇరవై మంది. ఒక పోటీ పత్రిక, తాను అచ్చువేసిన కాగితాల సంఖ్యను, పేజీలన్నీ విడివిడిగా లెక్కపెట్టి, పాఠకుల సంఖ్యగా ప్రకటించుకుంటే మీరు ఊరుకుంటారా? హిట్లను మనుషులుగా రాయడం సరిగ్గా అదే.

కనుక నా విన్నపం ఇది. ఇకమీదట ఏ సంస్థ అయినా తన వెబ్‌సైటు ఆదరణ గురించి సంఖ్య ఇస్తే, అది హిట్లా, పేజీ వ్యూలా (అంటే పేజీలు తెరిచిన సార్లా), సెషన్లా, యూజర్లా అని మీ విలేకరులు అడిగి, వారు చెప్పిన మాటనే వార్తలోనూ శీర్షికలోనూ ఉంచాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా లెక్కపెట్టారో, సర్వరు చిట్టాతోనా, గూగుల్ అనలిటిక్స్ వంటిదానితోనా అన్నది ఒక్క వాక్యంలో చేర్చాలి. చెప్పలేకపోతే ఆ సంఖ్యను వదిలేసి మిగతా వార్త వేయవచ్చు, నష్టం లేదు. హిట్ల సంఖ్యనయితే అసలు వేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

గత వారం వార్తలోని సంస్థవారు తమ లాగ్ ఫైలు చూపడానికి ఒప్పుకుంటే, మీ విలేకరి పక్కన కూర్చుని ఒక సాయంత్రంలో అందులోని బాట్లనూ బొమ్మలనూ వేరుచేసి, మిగిలినదేమిటో లెక్కకట్టి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఫీజు అక్కర్లేదు. మా ఇంటికీ మీ కార్యాలయానికీ నడిచి వచ్చేంత దూరమే.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
రిటైర్డ్ స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు,
తిరుపతి.